ఒషావా బళ్ళో పప్పన్నం

కెనడాలోని ఒషావాలో ఒక బడికి ప్లేస్‌మెంట్ మీద వెళ్ళిన మొదటి రోజు, మధ్యాహ్నం గంట కొట్టగానే నేను చేతులు కడుక్కుని వచ్చి అన్నం కోసం కూర్చున్నాను.

బడి అన్నాక అన్నం పెడతారు కదా! రేపల్లె దగ్గర మా ఊరి గవర్నమెంటు బళ్ళో చదివినన్నాళ్ళూ నేను మధ్యాహ్నం తిన్నది బడి అన్నమే. పైగా ఆ అన్నం వండేది మా అమ్మే. డ్వాక్రా సంఘం తరఫున అమ్మకి ఆ పని వచ్చింది. నేను కెనడా విమానం ఎక్కిన రోజు కూడా పొద్దున వెళ్ళి పిల్లలకి వండిపెట్టి, ఆ తర్వాతే నన్ను ఎయిర్‌పోర్టులో దింపడానికి బయల్దేరింది. అంచేత కెనడా బళ్ళో అన్నం పెడతారా పెట్టరా అనే ప్రశ్నే నాకు రాలేదు.

బీటెక్ చదివి, హైదరాబాదులో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి చిన్నపిల్లలకి చదువు చెప్పడం నేర్పే డిప్లొమాలో సీటు తెచ్చుకుని వచ్చాను నేను. కోవిడ్ సద్దుమణిగాక ప్రతి సెమిస్టర్‌కీ మాలాంటివాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఒషావాలో బస్సెక్కితే ఒకవైపు తెలుగు, ఒకవైపు పంజాబీ, వెనక సీట్లో మలయాళం వినిపించేవి. ఒక బేస్‌మెంట్‌లో నలుగురు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. చదువులో భాగంగా కాలేజీ నన్ను ఊరి దక్షిణాన ఉన్న ఒక చిన్న బడికి, రెండో తరగతి టీచర్‌కి సాయంగా పంపింది.

ఆ గదిలో పిల్లలు బ్యాగుల్లోంచి డబ్బాలు తీశారు. నేను తలుపు వైపు చూస్తున్నాను. టీచర్ గారు నా వైపు చూశారు. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, స్వెట్టర్ చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా లాక్కుని ఉండేవారు.

"నువ్వు తినవా?" అని అడిగారు.

"లంచ్ ఎప్పుడొస్తుందండీ?"

"ఎక్కడి నుంచి?"

"స్కూల్ నుంచి..."

నేను హాస్యమాడుతున్నానేమో అని ఆవిడ ఒక క్షణం నా మొహంలోకి చూశారు. "స్కూల్ లంచ్ పెట్టదమ్మాయ్. ఎవరి డబ్బా వాళ్ళే తెచ్చుకోవాలి. పిల్లలైనా అంతే, నేనైనా అంతే" అని తన శాండ్‌విచ్ రెండుగా తుంచి సగం నా చేతిలో పెట్టారు.

అప్పుడే నా చొక్కా అంచు ఎవరో లాగారు. కిటికీ పక్కన కూర్చునే పాప. సన్నటి జడలు, జడల చివర రంగురంగుల పూసలు. తన బల్ల మీద డబ్బా లేదు, రంగు పెన్సిళ్ళు ఉన్నాయి.

"నువ్వు కూడా మర్చిపోయావా?" అంది ఇంగ్లీషులో, గుసగుసగా.

"అవును. మర్చిపోయాను."

"నేను కూడా" అంది సంతోషంగా, తోడు దొరికినట్టు. నా సగంలో సగం ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి మళ్ళీ రంగులు వేసుకోసాగింది.

మర్నాడు కూడా ఆ పాప మర్చిపోయింది. ఆ మర్నాడు కూడా.

ఆఫీసు గదిలో ఒక బుట్ట ఉండేది. ఆపిల్ పళ్ళు, ఓట్స్‌తో చేసిన గ్రానోలా బార్లు, చీజ్ ముక్కలు. ఎవరో దాతలు ఇచ్చే డబ్బుతో టీచర్లే కొని నింపేవారు. ఆకలైన పిల్లలు వెళ్ళి అడిగితే ఇస్తారు. నేను పాపని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళబోయాను. తలుపు దగ్గర ఆగిపోయింది.

"అది బుట్ట పిల్లలకి" అంది.

"బుట్ట పిల్లలెవరు?"

"అడిగేవాళ్ళు."

అంతకుమించి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారింది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఫోన్‌ని చేటకి ఆనించి పెట్టింది.

"ఏంటే? అంత పెద్ద దేశంలో బళ్ళో అన్నం పెట్టరా?"

"పెట్టరమ్మా."

"మరి పిల్లలు?"

"ఇంటి నుంచి తెచ్చుకుంటారు."

"తెచ్చుకోలేనోళ్ళు?"

నేను బుట్ట సంగతి చెప్పాను. అమ్మ ఏరడం ఆపేసింది. "మా బళ్ళో సర్పంచి గారి మనవడు కూడా ఆ వరసలోనే కూర్చుంటాడు. వాడికీ నేనే వడ్డిస్తాను. ఎవరికి లేక తింటున్నారో, ఎవరికి ఉండి తింటున్నారో కంచాలు చూస్తే తెలవదు. బుట్ట పెట్టి అడుక్కోమంటే ఎట్టాగే?" అంది. అమ్మకి నిజంగా కోపం వచ్చింది. ఆ కోపం చూసి నాకెందుకో హుషారు పుట్టింది. మూడు నెలలుగా ఆ దేశంలో నాకు తెలియనివే అన్నీ. మొదటిసారి నాకు తెలిసిన విషయం ఒకటి అక్కడ కనిపించింది!

ఆదివారం దగ్గర్లోని ఏజాక్స్ ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన ఉండేది. ఒక పాత చర్చి భవనాన్ని మధ్యాహ్నాలు అద్దెకి తీసుకునేవాళ్ళం. ఆరాధన అయ్యాక కింద హాల్లో ప్రేమ విందు. మాలాంటి స్టూడెంట్లందరం వారానికి సరిపడా తినేది అక్కడే, పైకి ఎవరం చెప్పుకోకపోయినా. ఆ వంటశాల బాధ్యత ఒక ఆంటీ గారిది. భీమవరం ఆవిడ. ఆవిడ భర్త మార్కమ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. ఇద్దరూ అమెరికాలో చాలా ఏళ్ళుండి, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి విసుగొచ్చి కెనడా వచ్చినవాళ్ళు.

బిర్యానీ ప్లేటు పట్టుకుని నేను బుట్ట సంగతి చెప్పాను. ఆంటీ గరిటె పక్కన పెట్టేశారు.

"అమెరికాలో మా బాబు స్కూల్లో క్యాంటీన్ ఉండేదమ్మా, వేడిగా పెట్టేవాళ్ళు. కానీ పిల్లాడి అకౌంట్‌లో డబ్బుల్లేకపోతే ఆ ట్రే వెనక్కి తీసేసుకుని, చల్లటి బ్రెడ్డు చేతిలో పెట్టేవాళ్ళు. వెనకాల లైన్లో పిల్లలందరూ చూస్తుండగా. మా బాబు ఒకరోజు ఇంటికొచ్చి, మమ్మీ, నా ఫ్రెండ్ ట్రే ఎందుకు తీసేశారు అని అడిగాడు. నేనేం చెప్పను?"

అంకుల్ గారు ఒప్పుకోలేదు. "అమెరికాతో పోల్చకు. అక్కడ మనకి ఏడాదికోసారి ట్యాక్స్‌లో ఏదో తగ్గించేవాళ్ళు, అంతే. ఇక్కడ ప్రతి నెలా పిల్లల పేరు మీద గవర్నమెంటు డబ్బు వేస్తుంది. సంపాదన తక్కువున్న వాళ్ళకి ఎక్కువ వేస్తుంది. మంచి సిస్టమ్ అమ్మా ఇది. డబ్బు చేతికిస్తే తల్లిదండ్రులే కొనిపెట్టుకుంటారు కదా? బడి ఎందుకు వండాలి?"

"ఆ డబ్బంతా రెంటుకే పోతే, అంకుల్?" అన్నాను.

ఆయన ఆలోచించారు. మొండిమనిషి కాదు. ఏజాక్స్‌లో అద్దెలు ఎలా పెరుగుతున్నాయో అందరికీ తెలుసు. "సరే, ఒక పని చేద్దాం. ఆ స్కూల్లో డబ్బా తెచ్చుకోలేని పిల్లలు ఎంతమంది ఉన్నారో లిస్టు తీసుకురా. వాళ్ళకి మన సంఘం నుంచి డబ్బాలు పంపుదాం" అన్నారు.

సోమవారం ఉరుకుతూ వెళ్ళి ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన పొడుగాటి మనిషి, వంగి మాట్లాడేవారు. ఓపిగ్గా విన్నారు. "ఇంత మంచి మాట ఈ మధ్య వినలేదు. కానీ పిల్లల పేర్లు నేనివ్వకూడదు. ఇచ్చినా, ఆ డబ్బా అందుకున్న రోజు నుంచి ఆ పిల్లలకి కొత్త పేరు పెడతారు మిగతావాళ్ళు" అన్నారు. ఆ పేరు ఏమిటో నాకు తెలుసు.

ఆ రోజే, బడి వదిలాక, పాప వాళ్ళ అమ్మని చూశాను. గేటు దగ్గర పాపని తీసుకుని నాతోపాటే బస్సెక్కింది. మా కాలేజీ జాకెట్ వేసుకుని ఉంది! ఆమె కూడా నాలాగే స్టూడెంట్. నైజీరియాలో, లాగోస్‌లో బ్యాంకులో పని చేసిందట, ఇక్కడ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదువుతోంది, వారాంతాల్లో గోడౌన్‌లో షిఫ్టులు. భర్త వీసా ఇంకా రాలేదు. నేను వాళ్ళ పాప క్లాసులోనే ఉంటానని తెలియగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"సిస్టర్, ఈ దేశంలో నాకు నచ్చింది అదే. స్కూల్లోనే లంచ్ పెడతారు. నాకు పొద్దున ఎంత బరువు తగ్గిందో! ఇవాళ ఏం పెట్టారు?"

పాప మా ఇద్దరి మధ్య కూర్చుని ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తూ తనే చెప్పింది.

"ఏమీ పెట్టరు మమ్మీ. మొదటి వారం పిజ్జా ఇచ్చారు, అది పార్టీ. మిగతా రోజులు ఎవరి డబ్బా వాళ్ళదే."

"మరి నువ్వు?"

"నువ్వు కూడా మధ్యాహ్నం తినవు కదా" అంది పాప.

బస్సు రెండు స్టాపులు దాటింది. ఆమె పాప తలని ఒళ్ళోకి లాక్కుని పూసలు సవరిస్తూ కూర్చుంది. తర్వాత నాతో, చాలా మామూలుగా, "పిల్లల డబ్బు మాకు ఇంకా రాదు. పద్దెనిమిది నెలలు ఇక్కడ ఉన్నాకే అప్లై చేయాలి. మేమొచ్చి ఆరు కూడా కాలేదు. అయినా రేపటి నుంచి డబ్బా వస్తుంది. అది నేను చూసుకుంటాను" అంది. మర్నాడు పాప బల్ల మీద నిజంగానే డబ్బా ఉంది. టమాటాతో వండిన వాళ్ళ దేశపు ఎర్రటి అన్నం. క్లాసంతా వినేలా మూత తీసింది.

నేను అక్కడితో ఆగిపోదును. కానీ టీచర్ గారు ఆ డబ్బా చూసి మురిసిపోయి, తర్వాత మెల్లిగా అన్నారు: "మన గదిలో ఒక్కరు. పై తరగతుల్లో ఎంతమంది మర్చిపోతున్నారో తెలుసా నీకు?"

ఆ సాయంత్రం మా బేస్‌మెంట్‌లో ఇదంతా చెబుతున్నాను. నా రూమ్మేట్ వరంగల్ పిల్ల. వాళ్ళక్క పెళ్ళి చేసుకుని ఫిన్‌లాండ్‌లో ఉంటుంది. అది నా మాట పూర్తి కాకుండానే ఫోన్ తీసింది. "ఆగు ఆగు, మా అక్కని అడుగుదాం. వాళ్ళ పిల్లగాడు బడికి డబ్బా తీస్కపోంగ నేనెప్పుడూ చూడలే!"

అక్కడ తెల్లవారుజాము, వాళ్ళక్క షిఫ్టుకి తయారవుతోంది. "డబ్బానా? ఇక్కడ డబ్బా తీస్కపోతే టీచర్ ఫోన్ చేస్తది, ఏమైంది, పిల్లగానికి ఒంట్ల బాగలేదా అని. అందరికీ బళ్ళోనే పెడ్తరు. డాక్టర్ కొడుకైనా, క్లీనర్ కొడుకైనా అదే ప్లేటు. ఒక్క పైసా కట్టేది లేదు. గురువారం వస్తే బఠాణీ సూప్, పాన్‌కేక్. అంతటా అదే."

"బఠాణీ సూప్ అంటే ఎట్లుంటది అక్కా?"

వాళ్ళక్క ఫోన్‌లో ఫోటో పంపింది. చిక్కగా, పచ్చగా, పెద్ద గిన్నెలో. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అరే, ఇది మన పప్పే గదనే!" అని అరిచింది నా రూమ్మేట్.

నాకు ఒళ్ళు పులకరించింది. ఫిన్‌లాండ్‌లో పప్పు, రేపల్లెలో పప్పు, మధ్యలో ఒషావాలో బుట్ట! లిస్టు అక్కర్లేదు. ఎవరికి లేదో తెలుసుకోవడమే అక్కర్లేదు. అందరికీ పెడితే సరిపోతుంది! అంత తేలికైన విషయం ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చి ఆగిపోయినందుకు పడీపడీ నవ్వాను. అప్పటికప్పుడే అంకుల్ గారికి ఫోన్ చేశాను.

"మొత్తం స్కూల్‌కా? రెండొందల మంది ఉంటారేమో తల్లీ!"

"క్రిస్మస్ విందుకి మనం అంతకంటే ఎక్కువ మందికి వండుతాం కదా అంకుల్."

వెనక నుంచి ఆంటీ గొంతు వినిపించింది: "డేక్సాలు ఖాళీగానే ఉన్నాయి. సరేనని చెప్పండి!"

ఆ తర్వాత మూడు వారాలు నేను ఎప్పుడు నిద్రపోయానో నాకు గుర్తులేదు. ప్రిన్సిపాల్ గారు ఒక గురువారానికి ఒప్పుకున్నారు. హెల్త్ డిపార్ట్‌మెంట్ తనిఖీ అయిన వంటగదిలోనే వండాలి, కొందరు పిల్లలకి పడవు కాబట్టి పల్లీలు జీడిపప్పులు ఉండకూడదు, మాంసం వద్దు అన్నారు. చర్చి కింద ఉన్న వంటగదికి ఆ తనిఖీ ఎప్పుడో అయింది. ఆ భవనం సొంతదారులైన తెల్ల ముసలమ్మలు సంగతి వినగానే తాళాలు ఇచ్చి, మేమూ వస్తాం, దోసకాయలు తరుగుతాం అన్నారు. పాప వాళ్ళ అమ్మని పిలవడానికి నేను సంకోచించాను. ఆమె విని అడిగింది ఒక్కటే మాట: "ఇది అందరికీనా, కొందరికా?"

"అందరికీ."

"అయితే నేను వస్తాను. ఎవరు ఏ పని ఎన్నింటికి చేయాలో నాకు వదిలెయ్యి. నేను చదువుతున్నది అదే కదా."

ఏం వండాలో తేలడానికే ఒక ఆదివారం పట్టింది. పులిహోర అన్నారు, అందులో పల్లీలు లేకపోతే ఏం బాగుంటుందన్నారు. ఉప్మా అన్నారు, ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి టమాటా పప్పు, అన్నం, బంగాళాదుంప వేపుడు, పెరుగు, దోసకాయ ముక్కలు. తెల్ల పిల్లలు పప్పు తింటారా అని అంకుల్‌కి అనుమానం. పరీక్ష కోసం వాళ్ళబ్బాయికే పెట్టారు. పన్నెండేళ్ళవాడు, ఇంట్లో తెలుగు వంట ముట్టడు. రెండు చెంచాలు తిని, "ఇట్స్ ఓకే, ఐ గెస్" అన్నాడు. ఆంటీ ఆనందంతో చప్పట్లు కొట్టారు. పుట్టాక వాడు పప్పుని మెచ్చుకోవడం అదే మొదటిసారట.

గురువారం పొద్దున లేచేసరికి బయట మంచు వాన. చెట్ల కొమ్మలన్నీ గాజు తొడిగినట్టు ఉన్నాయి. ఫోన్లో మెసేజ్ వచ్చింది: ఈ రోజు స్కూల్ బస్సులు క్యాన్సిల్, బడి మాత్రం ఉంటుంది. ఇంత వండి పిల్లలు రాకపోతే? టీచర్ గారికి ఫోన్ చేశాను. ఆవిడ గట్టిగా నవ్వారు. "మా పిల్లలు చాలామంది నడిచే వస్తారు. ఇవాళ లంచ్ ఉందని వారం నుంచీ రోజులు లెక్కపెడుతున్నారు. పాక్కుంటూ అయినా వస్తారు. నువ్వు వండు!"

అంకుల్ ఆఫీసుకి సెలవు పెట్టి, పెద్ద రోడ్డు వదిలేసి, లోపలి వీధుల్లో మెల్లిగా వ్యాను నడుపుకుంటూ మమ్మల్ని ఏజాక్స్ తీసుకెళ్ళారు. వంటగదిలో పాప వాళ్ళ అమ్మ అప్పటికే ఆప్రాన్ కట్టుకుని నిలబడి ఉంది. ముసలమ్మలు దోసకాయలు తరుగుతున్నారు. నా రూమ్మేట్ బంగాళాదుంపలతో కుస్తీ పడుతోంది. కారం డబ్బాకి ఫోన్ ఆనించి అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం. అమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది!

"పప్పు ఉడికిందా?"

"ఉడుకుతోందమ్మా, టమాటా వేసేస్తున్నా..."

"ఆగవే! ఇప్పుడే వేస్తే పులుపు తగిలి పప్పు బిరుసెక్కుద్ది. పూర్తిగా మెత్తబడనీ. అన్నం గంజి వార్చారా? వార్చకపోతే అంత అన్నం ముద్దయిపోద్ది. పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి వేసి, దింపేముందు ఏరి తీసెయ్. పిల్లల నోట్లో పడకూడదు."

"ఏమంటున్నారు మీ అమ్మ?" అని పాప వాళ్ళమ్మ అడిగింది. నేను చెప్పాను. ఆమె ఫోన్ ముందుకొచ్చి, వేళ్ళతో పప్పు మెదిపి చూపించింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకాసేపు ఉడికాక మళ్ళీ చూపించింది. అమ్మ రెండు చేతులూ ఎత్తి సరే అంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నా అవసరం లేకుండానే వాళ్ళిద్దరూ ఆ పప్పు దింపేశారు.

ఆంటీ తాలింపు వేశారు. ఆవాలు చిటపటలాడి, వెల్లుల్లి, కరివేపాకు వాసన ఆ పాత చర్చి మెట్ల మీదుగా పైకి పాకింది. ముసలమ్మల్లో ఒకావిడ కత్తి వదిలేసి పొయ్యి దగ్గరికొచ్చి, కళ్ళు మూసుకుని నిలబడింది.

వెళ్ళేటప్పుడు దారి ఇంకా జారుడుగా ఉంది. వేడి నిలిచే పెట్టెల్ని వ్యాను వెనక నేను, నా రూమ్మేట్, పాప వాళ్ళమ్మ కౌగిలించుకుని కూర్చున్నాం. ఒక మలుపులో వ్యాను పక్కకి జరిగింది. అంకుల్ "యేసయ్యా!" అన్నారు. పాప వాళ్ళమ్మ అదే క్షణాన అదే మాట తన భాషలో అంది. వ్యాను నిలదొక్కుకుంది. పప్పు ఒక్క చుక్క ఒలకలేదు.

బళ్ళో పిల్లలు ఆటలాడుకునే పెద్ద హాలు, జిమ్‌లో పొడవాటి బల్లలు వేసి ఉన్నాయి. గంట కొట్టారు. తలుపు తెరుచుకుంది. వరసలో అందరికంటే ముందు ప్రిన్సిపాల్ గారు, ఆయన వెనక చిన్నపిల్లలు. ఒక బాబు నా గరిటె వైపు చూసి, "ఇది ఎవరికి?" అని అడిగాడు.

"అందరికీ."

"డబ్బా తెచ్చుకున్నవాళ్ళకి కూడానా?"

"వాళ్ళకి కూడా."

వాడు వెనక్కి తిరిగి, జిమ్ అదిరేలా అరిచాడు: "ఎవ్రీబడీ!"

ఇక చూడాలి ఆ వరస! అంతా లొట్టలేసుకుంటూ తిన్నారని చెప్పను. ఒక పిల్ల పప్పు చూసి ఏడ్చింది. కొందరు అన్నం, పెరుగు మాత్రమే కలుపుకున్నారు. కానీ బంగాళాదుంప వేపుడు కళ్ళ ముందే మాయమైపోయింది, మూడోసారి వచ్చినవాళ్ళకి గిన్నె చూపించాల్సి వచ్చింది. ఎప్పుడూ బుట్ట దగ్గర కనిపించే పై తరగతి పిల్లలు ఇద్దరు, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా, తలెత్తకుండా తిన్నారు. వాళ్ళ పక్కన కొత్త బూట్లు, మంచి కోటు వేసుకున్న అబ్బాయి తన డబ్బా మూత కూడా తీయకుండా పప్పన్నం కలుపుతున్నాడు, చెంచా పారేసి చేత్తో. కంచాలు చూస్తే నాకు ఏమీ తెలియలేదు. ఫోన్ పైకెత్తి అమ్మకి చూపించాను. అక్కడ రాత్రి భోజనాల వేళ దాటిపోయింది, అయినా కూర్చునే ఉంది. "ఆ చివర పిల్లాడికి పెరుగు వెయ్యి, చూస్తన్నాడు" అంది.

పాప వరసలో వస్తూ అవతల వడ్డిస్తున్నది తన తల్లే అని చూసింది. ఒక్క పరుగు తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, ప్లేటు చాపి, వెనకున్న పిల్లకి గొప్పగా చెప్పింది: "తను మా మమ్మీ. ఇక్కడ వంట చేస్తుంది."

ఆ గురువారం ఒక్కసారికే అనుకున్నాం. కానీ మర్నాడు ప్రిన్సిపాల్ గారికి తల్లిదండ్రుల నుంచి ఫోన్లు. మేం కూడా వండొచ్చా, మేం రొట్టెలు తేవచ్చా అని. తర్వాతి గురువారం పాప వాళ్ళమ్మ ఎర్రటి అన్నం వండింది, ఆమె కింద మేమందరం పనివాళ్ళం. ఆ పై వారం ముసలమ్మల ఆలూ సూప్. అంకుల్ తన ఆఫీసులో కొందరిని కూడగట్టి సరుకులకి ఏర్పాటు చేశారు. ఒకరోజు సూప్ పంచుతూ నాతో అన్నారు: "నెలనెలా వచ్చే డబ్బు మంచిదే అని ఇప్పటికీ అంటానమ్మా. కానీ ఇది కూడా కావాలి. రెండూ కావాలి." ఆయన అంత తేలిగ్గా మనసు మార్చుకోరని ఆంటీ నాకు కన్ను గీటారు.

నా ప్లేస్‌మెంట్ ముగిసింది. డిప్లొమా అయ్యాక అదే ఊళ్ళో ఒక డేకేర్‌లో ఉద్యోగం వచ్చింది, గురువారాలు మాత్రం పొద్దున పూట సెలవు అడిగి తీసుకునేదాన్ని. పాప వాళ్ళ నాన్న వీసా వచ్చింది. పద్దెనిమిది నెలలు గడిచి పిల్లల డబ్బు కూడా మొదలైంది. మొదటి నెల ఆమె పాపకి శీతాకాలం బూట్లు కొని, మిగిలినదాంతో మా అందరికీ కేక్ తెచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి, దేశం మొత్తం మీద బడుల్లో భోజనం పెట్టడానికి ప్రభుత్వం పూనుకుంటోందని వార్తల్లో విన్నాను. మా జిమ్ సంగతి ఆ పెద్దలెవరికీ తెలిసే అవకాశం లేదు. అయినా వంటగదిలో అందరం మేమే సాధించినట్టు గంతులేశాం.

మూడో తరగతికి వచ్చాక ఒక గురువారం పాప వరసలో నా ముందు నిలబడింది. ఒక పన్ను ఊడిపోయి ఉంది. గిన్నెలోకి తొంగి చూసి మొహం ముడుచుకుంది.

"మళ్ళీ పప్పేనా?"

బుట్ట దగ్గరికి కూడా రాని పిల్ల, మర్చిపోయాను అని రంగులు వేసుకున్న పిల్ల, ఇప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను నిలదీస్తోంది! నాకు వచ్చిన ఆనందం ఇంతా అంతా కాదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"మరేం కావాలి?" అని అడిగాను.

"నూడుల్స్" అంది. "ఎక్కువ చీజ్‌తో. వచ్చే వారం. చేస్తావా?"

వెనకున్న పిల్లలు కూడా నూడుల్స్, నూడుల్స్ అని అందుకున్నారు. పాప వాళ్ళమ్మ పక్క గిన్నె దగ్గర నుంచి నవ్వుతూ, "ముందు ఇది తిను, నూడుల్స్ సంగతి నేను చూస్తాను" అంది. పాప నిట్టూర్చి ప్లేటు చాపింది. నేను రెండు గరిటెలు వేశాను.